సింఘు చెప్పిన మాట

ఢిల్లీ అంటే మన ఊళ్లలో ఎర్రకోట, పార్లమెంటు అనుకుంటాం. 2021లో మేము చూసిన ఢిల్లీ దాని పొలిమేర. హర్యానా నుంచి వచ్చే రహదారి మీద, సింఘు వద్ద, కిలోమీటర్ల పొడవునా ట్రాక్టరు ట్రక్కులే రైతుల ఇళ్లు. అవతల సర్కారు పేర్చిన కాంక్రీటు దిమ్మెలు, ముళ్లకంచెలు. ఇవతల వంటశాలలు, వచ్చినవారందరికీ అన్నం. పక్కనున్న కుండ్లీ ఫ్యాక్టరీ కార్మికులూ ఆ పంక్తిలోనే కూర్చున్నారు.

2020 నవంబరు 26న మొదలైన ఆ పోరాటం మూడు వ్యవసాయ చట్టాలను 2021 నవంబరు 29న పార్లమెంటు చేతనే రద్దు చేయించింది. మద్దతు ధరకు చట్టబద్ధ హామీ మాత్రం సాధించాల్సే ఉంది.

మరి మన డెల్టా సంగతేమిటి? ఇక్కడ సార్వా, దాళ్వా పండించేవారిలో కౌలుదారులే ఎక్కువ. తుపానుకు చేను పడిపోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే కూలీకి పనే పోయింది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం గుర్తింపు కార్డుకు భూయజమాని సంతకం కావాలంది. పొలం పోతుందేమోనని ఆసామి పెట్టడు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. వాడు పండించిన ధాన్యం మీద మద్దతు ధర ఎవరికి దక్కుతుంది?

అందుకే యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలోనే సాగుదారుల జాబితా రాయాలి. మద్దతు ధర అడిగే సభలోనే కూలిరేట్ల మాటా ఎత్తాలి. సింఘులో రైతూ కార్మికుడూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. మన ఊరి అరుగు మీద కౌలుదారూ కూలీ అలా కూర్చునేదెప్పుడు?