మెట్ల కింద సైకిల్ ఎవరిది?

మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, సొంతిళ్ళ మెట్ల కింద ఒక సైకిల్ ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు. సీటు మీద దుమ్ము మేట వేసి ఉంటుంది. అది ఎవరిదని అడగండి. "మా అమ్మాయిది, టెన్త్ దాకా తొక్కేది" అంటారు. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందని అడగండి. పెళ్ళయి, బిడ్డను చంకనేసుకుని, ఆటో కోసం వీధి మొగలో నిలబడి ఉంది. సైకిల్ పాడైపోలేదు. అమ్మాయి కాళ్ళూ పాడైపోలేదు. మధ్యలో ఎవరో వచ్చి "ఇక చాల్లే" అన్నారు. ఆ అన్నవాళ్ళతోనే నా తగువు.

నా తగువు పాతది. ఎనభైల్లో మా గుంటూరులో గంటకు అర్ధరూపాయికి సైకిల్ అద్దెకిచ్చేవాళ్ళు. మా తమ్ముడు నేర్చుకున్నప్పుడు వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తింది నేను. సీటెక్కితే కాళ్ళు అందక, రాడ్డు కింది సందులోంచి కాలు దూర్చి తొక్కేవాడు. వాడు పడితే మోకాలికి పసుపు అద్దింది నేను. వాడికి వచ్చేసింది. నా వంతు రాలేదు. "ఎదిగిన పిల్లవి, నడిరోడ్డు మీద సైకిలా" అంది మా నాయనమ్మ. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ మాట వెనక ఇంకో భయం ఉండేది. అమ్మలక్కలు గొంతు తగ్గించి చెప్పుకునేవారు: సైకిల్ తొక్కితే కన్నెపొర పోతుందని, పెళ్ళికి చిక్కొస్తుందని. ఈ ముక్క అచ్చులో రాయొచ్చా అనుకునేవాళ్ళున్నారు. రాయకపోబట్టే ఇన్నేళ్ళు బతికింది. ఆ పొర దేనికీ రుజువు కాదని, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని, కొందరికి పుట్టుకతోనే ఉండదని ఏ గైనకాలజిస్టును అడిగినా చెబుతారు. ఒక్క అబద్ధాన్ని కాపాడటానికి ఎన్ని తరాల ఆడపిల్లల కాళ్ళు కట్టేశాం!

నేను నేర్చుకున్నది ముప్పై తొమ్మిదో ఏట. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే, పైన నడుం నొప్పి. మా పెద్దవాడి సైకిల్ మీద పదకొండు రోజులు పట్టింది. మోచెయ్యి రెండుసార్లు చెక్కుకుపోయింది. పన్నెండో రోజు పొద్దున్నే బ్రాడీపేట లైన్లలో వెళ్తూ వెళ్తూ వెనక్కి చూస్తే నన్ను ఎవరూ పట్టుకుని లేరు. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపది. ఇంత చిన్న సంగతిని ఇరవై ఏడేళ్ళు నాకు దక్కనివ్వలేదే అని. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

"ఈ వయసులోనా?" అనే మాటకు చరిత్ర ఎప్పుడో జవాబిచ్చింది. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ అనే ఉద్యమకారిణి 53వ ఏట సైకిల్ నేర్చుకుంది. రోజూ కాసేపు సాధన చేస్తూ మూడు నెలల్లో పట్టుకుంది. ఆ అనుభవాన్ని 1895లో పుస్తకంగా వేసింది. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడి డాక్టర్లు, పత్రికలవాళ్ళు 'సైకిల్ ముఖం' అనే రోగాన్ని కనిపెట్టారు. తొక్కితే ఆడదాని ముఖం బిగుసుకుపోతుందట, కళ్ళు ఉబ్బుతాయట, అందం పోతుందట. మా నాయనమ్మ భయమే అది, కోటు వేసుకుని వచ్చింది. 1894లో ఆనీ లండన్‌డెరీ బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరింది. ముగ్గురు పిల్లల తల్లి. అంతకు ముందు సైకిల్ అలవాటే పెద్దగా లేదు. పొడుగు గౌను, 19 కిలోల బండితో మొదలుపెట్టి, షికాగో చేరాక ఆ రెండూ వదిలేసి అందులో సగం బరువున్న మగవాళ్ళ సైకిలెక్కింది. సముద్రాలు ఓడల్లో దాటింది, కొన్ని దారులు రైళ్ళలో కూడా పోయింది. అయితేనేం, 1895లో తిరిగొచ్చింది.

అమెరికా దూరమనుకుంటే తమిళనాడులోని పుదుక్కోట్టై చూడండి. మన పక్క రాష్ట్రమే. 1991లో అక్కడ 'అరివొళి ఇయక్కం' పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలారాణి చుంగత్. చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పాలని పట్టుబట్టిందావిడ. సొంతంగా కదలలేని మనిషి చదువుకుని ఏ గడప దాటుతుంది? కూలి తల్లులు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు సాయంత్రాలు మైదానాలకు చేరారు. కొద్దికాలంలోనే లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా హ్యాండిళ్ళకు జెండాలు కట్టుకుని పుదుక్కోట్టై వీధుల్లోకి వచ్చారు. ఊరు నోరు తెరిచింది. మగవాళ్ళు వెక్కిరించారు, బూతులాడారు. వాళ్ళు తొక్కుతూనే ఉన్నారు.

ఈ కథను దేశానికి చెప్పింది తెలుగు కుటుంబంలో పుట్టిన పాత్రికేయుడు పి. సాయినాథ్. 1996లో వచ్చిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్'లో ఉంది. అందులో ఒక సంగతి నా మనసులోంచి పోదు. లేడీస్ సైకిళ్ళకు కరువొచ్చింది. అయినా ఆడవాళ్ళు ఆగలేదు, మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు. కొందరైతే అవే నయమన్నారు. ఎందుకంటే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉన్న రాడ్డు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. మనం "పిల్లల తల్లికి సైకిలెందుకు" అని అడుగుతున్నాం. ఆ తల్లులు బిడ్డ కోసమే రాడ్డున్న సైకిల్ ఏరుకున్నారు.

బీహార్ సంగతీ తెలుసు కదా. 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని 2,000 రూపాయలిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూస్తే, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. బడి దూరమైన ఊళ్ళలో ఫలితం ఇంకా బలంగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. ఇచ్చినందుకు చేతులెత్తి దండం పెడతాను. కానీ పిల్లకు టెన్త్ అవగానే ఆ సైకిల్ ఎటు పోతోంది? అన్న ఎక్కుతున్నాడు. నాన్న పాలక్యాన్లు తగిలిస్తున్నాడు. లేదంటే మెట్ల కిందికి పోతోంది. బడికి పంపడానికి పనికొచ్చిన కాళ్ళు బతుకులోకి పంపడానికి ఎందుకు పనికిరావు?

ఇప్పుడు తల్లుల దగ్గరికి వస్తాను. తీరిక లేదంటారు. మగవాడు ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి పోతాడు. తల్లి దారి ముక్కలు ముక్కలుగా ఉంటుంది: బడి, మందుల షాపు, రేషన్, కూరగాయలు, మళ్ళీ ట్యూషన్. అన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపే. మూడు కిలోమీటర్లు నడిస్తే ముప్పావుగంట, సైకిల్ మీద నిదానంగా తొక్కినా పావుగంట. తీరిక లేనివాళ్ళకే సైకిల్ కావాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆ బస్టాపు దాకా రావడానికి ఆటోకి డబ్బులిచ్చుకుంటున్నారు. ఆ నాలుగడుగుల దూరం మన చేతిలో ఉండాలా, మీటరు వెయ్యని ఆటో చేతిలోనా?

చీర అడ్డమంటారు. చైన్‌కు కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న సైకిల్ తీసుకోండి, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపండి, కొంగు నడుముకు చుట్టండి. వరినాట్లు వేసే చీర సైకిల్ తొక్కలేదా? మోకాళ్ళ నొప్పులంటారు. సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, నడకలోకంటే మోకాలి మీద భారం తక్కువ. సీటు గుచ్చుకుంటోందంటారు. నిజమే, గుచ్చుకుంటుంది. మగవాళ్ళ కొలతకు చేసిన సన్నటి సీటది. వెడల్పాటిది వేయించుకోండి, వారం పది రోజుల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆపరేషన్ కాన్పయితే డాక్టరు సరే అన్నాకే ఎక్కండి. పసిబిడ్డను ఎక్కించుకోవడానికి తొందరపడకండి. ఏడాది నిండి, మెడా నడుమూ గట్టిపడి, తనంతట తాను నిటారుగా కూర్చోగలిగాక, బెల్టూ కాళ్ళకు అడ్డూ ఉన్న సీటు బిగించి, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకుని.

నేర్పే పద్ధతి కూడా మనవాళ్ళు తప్పే పట్టుకున్నారు. సీటు ఎత్తులో ఉంచి, వెనక పట్టుకుని తోసి, వదిలేసి, పడితే నవ్వుతారు. పోయిన ఎండాకాలం మా ఎదురింటి వదినకు నేను నేర్పాను. వదినకు నలభై నాలుగు. పొద్దున్నే ఐదున్నరకు హైస్కూలు గ్రౌండు. ముందు పదిహేను నంబరు స్పానర్‌తో పెడల్స్ రెండూ ఊడదీశాను. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అందరూ అక్కడే తికమకపడతారు. సీటు బాగా దించేశాను. వదిన కూర్చుంటే రెండు అరికాళ్ళూ నేలకు ఆనాయి.

"పడితే ఎట్లా అమ్మాయ్?"

"ఎట్లా పడతావు వదినా, రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయిగా. నేలను తన్నుకుంటూ పో. చక్రం వంక చూడకు, ఆ వేపచెట్టు వంక చూడు."

మొదటి రోజు బాతులా నడిచింది. మూడో రోజు రెండు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేపింది, నాలుగైదు గజాలు. ఐదో రోజు వేపచెట్టు దాకా జారుకుంటూ పోయి, బ్రేకు నొక్కి, కాలు ఆనించి, నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను చూశాను. పెళ్ళి ఫోటోలో కూడా వదిన ముఖం అట్లా లేదు. ఆరో రోజు పెడల్స్ బిగించాం. వాకింగ్‌కొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆగి, "ఇప్పుడెందుకమ్మా ఈ సర్కస్సు" అన్నాడు. వదిన ఆపకుండానే అంది: "మీ ఇంట్లోవాళ్ళను కూడా పంపించండి అన్నయ్యగారూ, నేర్పుతాం." ఆయన భార్య తర్వాతి సోమవారం వచ్చింది.

ఇక రోడ్లు. భయం వేస్తోందనే ఆడవాళ్ళను నేను ఒక్క మాట అనను. ఆ భయం నిజం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పుతో. బాగుంది. ఎల్బీనగర్‌లో బిడ్డను బడిలో దింపే తల్లికి అది ఏ దారినీ కలపదు. ఆమెకు కావలసింది బడి ముందు ఒక వారగా రంగు గీసిన మూడడుగుల దారి, ఆటోలు నిలపని ఫుట్‌పాత్ అంచు, వెలిగే వీధిదీపం. అవి అడిగితే "మేడమ్, మన దగ్గర సైకిళ్ళు ఎవరు తొక్కుతున్నారు?" అంటారు. దారి వేయరు గనుక తొక్కరు, తొక్కరు గనుక దారి వేయరు. ఈ ముడి ఎక్కడో ఒకచోట తెంపాలి. మా చిన్నవాడి స్కూలు గేటు దగ్గర నన్ను ఆపి, సైకిల్ లోపలికి రాదన్నారు. నా ముందే మూడు కార్లు లోపలికి వెళ్ళాయి. నేను సైకిల్ దిగలేదు, ప్రిన్సిపాల్ వచ్చేదాకా గేటు మధ్యలోనే నిలబడ్డాను. ఇప్పుడు ఆ స్కూల్లో సైకిల్ స్టాండ్ ఉంది. అందులో తల్లుల సైకిళ్ళు నాలుగున్నాయి.

నాలుగే. నలభై కావాలి. వదిన ఒక్కతే వెళ్తే వెక్కిరిస్తారు, పదిమంది కలిసి వెళ్తే పక్కకు తప్పుకుంటారు. అందుకని ఒక్కరే నేర్చుకోకండి. మీ అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరిని లేపండి. అత్తగారు వద్దంటే అత్తగారిని కూడా గ్రౌండుకు తీసుకురండి. భర్తలారా, మీరు నేర్పించనక్కర్లేదు. పొద్దున ఆ గంట సేపు పిల్లలకు పాలు కలపండి, టిఫిన్ డబ్బాలు సర్దండి, చాలు.

మెట్ల కింద సైకిల్‌ను ఈ రోజే బయటికి లాగండమ్మా. ట్యూబులు ఎండిపోయి ఉంటే మార్పించండి, చైన్‌కు నూనె వేయించండి, గాలి కొట్టించండి. సీటు మీ కాళ్ళు నేలకు ఆనేంత దింపించండి. రేపు తెల్లారేసరికి గ్రౌండు ఖాళీగా ఉంటుంది. రండి.