పెరటి కోడి - పొరుగు ధర్మం

కళాశాల వార్షిక సంచిక అనగానే జాతీయ సమైక్యత, యువజనుల కర్తవ్యం, విజ్ఞాన ప్రగతి వంటి ఘనమైన విషయాలను గూర్చి వ్రాయడం పరిపాటి. మేము ఈ పర్యాయం కోడిని గూర్చి వ్రాయదలచాము. నవ్వేవారు నవ్వవచ్చును. కాని మన విద్యార్థులలో ఎందరి ఇండ్లలోనో తల్లి తన సొంతమని చెప్పుకొని ఖర్చుపెట్టగల నాలుగు రూపాయలు పెరటి కోళ్ల వల్లనే వస్తున్నవి. ఆ గ్రుడ్ల డబ్బుతో నోటుపుస్తకాలు కొన్న బిడ్డలు ఈ తరగతి గదులలోనే ఉన్నారు. అటువంటి ఇంటి పెట్టను తెల్లవారుజామున కుక్క ఈడ్చుకొనిపోతే, ఆ నష్టం నవ్వులాట కాదు.

పెరటి కోడి కాలం తీరిపోయినదని కొందరి భావన. లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలోని పెంపుడు పక్షులు సుమారు 85 కోట్లు. వానిలో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరళ్లలో తిరిగేవే. 2012 గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య 45 శాతానికి పైగా పెరిగినది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ అను జాతులను పెరటి పెంపకం కొరకే రూపొందించినది. వనరాజాకు పొడవైన కాళ్లు, రంగురంగుల ఈకలు ఉండుట శత్రువు నుండి తప్పించుకొనుటకు అనుకూలమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కోడిని మేపుటతో పాటు కాపాడుట కూడా శాస్త్రం పట్టించుకొన్న విషయమేనని దీనివల్ల తెలియుచున్నది.

సిద్దిపేట జిల్లా అక్కన్నపేటనే తీసుకొందాము. ఒకనాడు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ మండలంలోని గ్రామమైన ఈ ఊరు 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైనది. ఇట్టి ఊళ్లు పెరుగుచున్నప్పుడు ఒక ఇంటికి, మరొక ఇంటికి నడుమ ఖాళీ జాగాలు మిగులును. వానిలో సర్కారుతుమ్మ మొలచును, చెత్త చేరును. పొదలో ముంగిస, చెత్త మీద కుక్క, పెరటిలో కోడి - మూడూ నూరు అడుగుల లోపలనే కాపురం చేయును. మనిషి అడవిలోనికి పోయెనా, అడవి మనిషి ముంగిటికి వచ్చెనా అని తర్కించి లాభం లేదు. ఉన్న పరిస్థితి ఇది.

శత్రువును ఎరుగక రక్షణ లేదు. పట్టపగలు వచ్చేది గద్ద, డేగ, ముంగిస. మసక చీకటిలోను, రాత్రివేళను వచ్చేది అడవిపిల్లి, నక్క. కుక్కకు వేళాపాళా లేదు. నాలుగైదు కోళ్లు చచ్చి అక్కడనే పడి ఉంటే అది తరచుగా కుక్క పని. ఒక్క కోడి మాత్రమే మాయమై, గోడ వెంట ఈకలు కనబడితే పిల్లిని అనుమానింపవలెను. పొదిగే పెట్ట కింది గ్రుడ్లు పెంకు కూడా మిగలకుండ పోయినచో అది పామై ఉండవచ్చును. చీకటిలో కోడికి చూపు ఆనదు గనుక అది కదలక కూర్చుండి చేజిక్కును. ఇవేమీ గమనింపక పొరుగువారి కుక్కనో, పొరుగువారినో నిందించుట వలననే మన వీధులలో సగం తగవులు పుట్టుచున్నవి.

రక్షణ కొరకు పెద్ద ధనం అవసరం లేదు. కోళ్ల గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండవలెను. పలుచని కోళ్ల జాలి కోడిని లోపల ఆపగలదు గాని కుక్కను బయట ఆపలేదు. అరంగుళం కన్నుల గట్టి ఇనుపజాలి కావలెను. గూడు నేల మీదనే ఉన్నచో ఆ జాలిని అడుగు లోతున పాతవలెను, లేనిచో పందికొక్కు, ముంగిస త్రవ్వుకొని వచ్చును. తలుపుకు త్రాడు చాలదు, గడియ ఉండవలెను. పొద్దుగూకక మునుపే, మగ్రిబ్ అజాన్‌ను గుర్తుగా పెట్టుకొని, కోళ్లను లెక్కించి గూడు మూయవలెను. పిల్లలను తొలి ఆరు వారాలు పైకప్పు గల చోటనే పెంచి తరువాత వదలుట మేలు. గంప కింద కమ్మిన పిల్లలకు గంపపై బరువు రాయి తప్పనిసరి. మిగిలిన గింజలను సాయంత్రం ఊడ్చివేయవలెను. గింజలకు ఎలుక, ఎలుకకు పాము వచ్చును. ఆ పాము కోడి కొరకే ఆగదు, ఇంటిలోని పసిబిడ్డ మంచం దాకా పోగలదు.

ఇంత శ్రమ ఎందుకు, మాంసంలో గుళికల మందు కలిపి పెడితే సరిపోవును గదా అనేవారు కలరు. మేము దీనిని తీవ్రంగా ఖండించుచున్నాము. ఆ విషం దొంగ కుక్కను ఎన్నుకొని చంపదు. కాపలా కుక్క, పెంపుడు పిల్లి, కాకి, కడకు మన కోడి కూడ దానిని తినును. వీధిలో ఆడుకొనే బిడ్డ చేయి దానిపై పడవచ్చును. ముంగిస, అడవిపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధులలో జీవకారుణ్యం ఒకటి. వీధికుక్కలకు సంతాన నిరోధక చికిత్స చేయించి, పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించే బాధ్యతను 2023 నాటి నియమాలు స్థానిక సంస్థలపై ఉంచినవి. కావున విషం మూట విప్పుటకు బదులు పంచాయతీకి అర్జీ వ్రాయవలెను. చదువుకొన్నవారు మనమే, కలం పట్టవలసినదీ మనమే.

మనవారికి ఒక చేదు మాట చెప్పక తప్పదు. కోళ్లను, మేకలను కోసిన చోట ప్రేగులు, ఈకలు వీధి మూలలో పారవేసి, ఆపై కుక్కలు పెరిగినవని వాపోవుట న్యాయమా? రోజూ మాంసం రుచి మరిగిన కుక్క అంగడి మూసిన నాడు పెరటి వైపు చూడక ఏమి చేయును? వ్యర్థాలను లోతుగా గుంట తీసి పూడ్చవలెను. ఇది దుకాణదారుని విధి మాత్రమే కాదు, పండుగనాడు ప్రతి ఇంటి విధి.

ఒంటెను కట్టివేసి, ఆ తరువాత దైవంపై భారం వేయుమన్నది ప్రవక్త బోధ. గూటికి గడియ వేయక విధిని నిందించువానికి ఆ బోధ అందలేదనే చెప్పవలెను. దప్పిగొన్న కుక్కకు నీరు త్రాపినవాని పాపం క్షమింపబడినదని చెప్పినదీ ఆ మహనీయుడే. ఈ రెండు బోధలకు వైరుధ్యం లేదు. మన సొత్తును జాగ్రత్తగా కాచుకొనుట ఒక ధర్మం, మూగజీవిని హింసింపకుండుట మరొక ధర్మం.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో మీ వీధిలోని ఒక వృద్ధురాలి కోళ్ల గూటికైనా జాలి బిగించి, గడియ పెట్టి రండు. కళాశాల కమిటీ పెద్దలు సేవా కార్యక్రమాలలో ఈ పనికి ఒక దినం కేటాయింపగలరని మనవి. ఒక తల్లి గ్రుడ్ల డబ్బు నిలిచిన ఇంట ఒక బిడ్డ చదువు నిలుచునని మా విశ్వాసం.