తంగేడు ముందు కాసేపు

బొమ్మ గీయడం చేతిపని అనుకుంటాం. నిజానికి అది చూపుకు సాధన. బడి దారిలో పూచిన తంగేడు ముందు కాసేపు కూర్చోండి. దూరానికి అది పసుపు గుత్తి మాత్రమే. గీయబోతే ఐదు రేకులు, పది కేసరాలు, జంటలుగా అమరిన చిట్టి ఆకులు కనిపిస్తాయి. లెక్క తప్పితే బొమ్మ తప్పుతుంది. అందుకే మనస్సు మరోవైపు పోదు. ధ్యానమంటే ఇదే కదా!

సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కోసం మన దేశపు చిత్రకారులు ఇలాగే మొక్కలను చూచి గీశారు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు ఆ గ్రంథంలో నిలిచాయి. గీసినవారి పేర్లు మాత్రం మనకు మిగలలేదు.

తంగేడును తమిళులు ఆవారం అంటారు, కన్నడిగులు ఆవరికె అంటారు. మీ బొమ్మ కింద ఆ పేరుతోపాటు తెలుగు పేరూ రాయండి. మీ పేరు రాయడం కూడా మరువకండి.