వానపాము చచ్చింది, థీసిస్ పాసైంది

మన ఫార్మసీ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఒకటే తతంగం. ఏవో గింజలు దంచి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. పెట్రీ డిష్‌లో పోసి, వానపాములను వదిలి, స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటారు. పక్క డిష్‌లో నులిపురుగుల మందు ఆల్బెండజోల్. ఎన్ని నిమిషాలకు చచ్చుబడింది, ఎన్ని నిమిషాలకు ప్రాణం పోయింది... టేబుల్ తయారు. గింజలకు నులిపురుగులను చంపే శక్తి రుజువైపోయినట్టే. వైవా, సంతకాలు, సమోసాలు.

ఏం రుజువైంది, నా తలకాయ! వానపాము తడి చర్మంతో ఊపిరి పీల్చే మట్టిజీవి. గుప్పెడు ఉప్పు చల్లినా చస్తుంది. ఏలికపాము తీరే వేరు. గాలాడని పేగులో, మందపాటి పైపొరతో, మన జీర్ణరసాలను తట్టుకుని బతుకుతుంది. ఆ రెండూ దగ్గరి చుట్టాలు కూడా కావు. పైగా డిష్‌లో ఉన్నంత గాఢత పేగులో రావాలంటే పిల్లాడి చేత ఎన్ని గింజలు మింగించాలో లెక్కేసినవాడేడీ?

గింజల మీద నాకేం పగ లేదు. మోదుగ గింజల సంగతి ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. వాటిలోంచి పలసోనిన్‌ను వేరుచేశారు కూడా. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పురుగుల విషం ఉంది చూడండి, కాంథారిడిన్, దాదాపు అదే నిర్మాణం దీనిది. చెట్టు మందుకు సైడ్ ఎఫెక్టులుండవని వాట్సాప్‌లో ఊదరగొట్టి, బళ్లో ఇచ్చే నులిపురుగుల బిళ్లను మాన్పించే పెద్దమనుషులకు ఈ ముక్క ఎవరు చెప్తారు?

గింజలను ఎలా పరీక్షించాలో నైజీరియాలో చేసి చూపించారు. 2007లో అచ్చయిన ఆ పరీక్షలో, మలంలో పరాన్నజీవులున్న 60 మంది పిల్లల్లో 30 మందికి ఎండిన బొప్పాయి గింజలు తేనెతో, తక్కిన 30 మందికి ఉత్త తేనె ఇచ్చారు. వారం తర్వాత మళ్లీ మలపరీక్ష. గింజలు తిన్నవాళ్లలో 23 మందికి, తేనె తాగినవాళ్లలో ఐదుగురికి పరాన్నజీవులు పోయాయి. చిన్న పరీక్షే, దీంతో మందు తేలిపోదు. కానీ వాళ్లు మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే పెట్టారు. మనకు మలం చూడటం నామోషీ!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పినవాడే. ఆయన బృందం 1947లో బోదకాలుకు హెట్రజాన్ తెచ్చింది. ఫైలేరియా సోకిన ఎలుకల మీద చూసి, ఆపైన రోగుల దాకా వెళ్లింది. ఆయన బొమ్మకు దండలేసే చేతులే ఈ వానపాముల థీసిస్‌ల మీద సంతకాలు పెడుతున్నాయి.

గైడుగారూ, ఈ ఏడు మీ కుర్రాడు గునపంతో తోటలోకి బయల్దేరితే ఆపండి. కబేళాకు పంపండి. గొర్రె నాలుగో పొట్టలో అసలు పురుగులు దొరుకుతాయి.