లుంగీకి సున్తీ చేసిందెవరు?

తెలుగు సినిమావాడికి సాయిబుని చూపించడానికి కథ అక్కర్లేదు. ఒక గళ్ళ లుంగీ, వల బనీను, మెళ్ళో తాయెత్తు, కళ్ళకి సుర్మా ఉంటే చాలు. నోట్లో 'నమ్మల్కీ, తుమ్మల్కీ' అనే భాష ఒకటి కుక్కుతాడు. ఆ భాష ఏ ఊరి సాయిబూ మాట్లాడడు. అల్లూరులో మాట్లాడం, కావలిలో మాట్లాడం, నెల్లూరు కోటమిట్టలోనూ మాట్లాడం. భాష అబద్ధం. లుంగీ మాత్రం నిజం. మా ఇళ్ళ దండేల మీద ఆరేది అదే. మా అబ్బా కట్టాడు, ఆయన అబ్బా కట్టాడు. చినిగిపోయాక మా నానీ దాన్ని బొంతలో పొరగా వేసి కుట్టింది. బొంత కూడా చినిగితే పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ అయింది. దాని గురించి మాకు సిగ్గు లేదు. మా తగాదా లుంగీతో కాదు. దానికి సున్తీ చేసి మా మతంలో కలిపేసిన వాళ్ళతో.

అల్లూరొచ్చి చూడండి. రొయ్యల గుంట గట్టు మీద మేత చల్లే మనిషి లుంగీ ఎగ్గట్టే ఉంటాడు. ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో పనిచేసేవాడిదీ లుంగీయే. సముద్రం ఒడ్డున వల బాగుచేసుకునే పట్టపు మనిషి, రైసుమిల్లు కాడ బస్తాలు మోసేవాడు, లారీ డ్రైవరు, అందరిదీ అదే బట్ట. పెద్దింటి రెడ్డిగారు పొద్దున్నే వరండాలో కూచుని పేపరు చదివేదీ లుంగీలోనే. ఆయన కట్టుకుంటే గాలి ఆడుతుందని కట్టుకున్నట్టు. మాల మాదిగలు కట్టుకుంటే కూలోడి బట్ట. మేం కట్టుకుంటే తురక బట్ట! ఒకే మగ్గం మీద దిగిన ఒకే తాను. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఇన్ని కులాలు, ఇన్ని మతాలు ఎట్లా అయ్యాయి? కత్తెర ఎవరి చేతిలో ఉంది?

పోనీ, ఈ బట్ట పుట్టుక చూద్దాం. దుకాణంలో 'పలయకాట్ లుంగీ' అని అడుగుతారు. లేబులు మీదా అదే ఉంటుంది. అదేదో అరబ్బు దేశం పేరు కాదు. అల్లూరు నుంచి ఈ తీరం పట్టుకుని దక్షిణంగా పోతే, కృష్ణపట్నం దాటి, దుగరాజపట్నం దాటి వచ్చే పులికాట్. అరవవాళ్ళ పళవేర్కాడు. 1610 ప్రాంతంలో డచ్చివాళ్ళు అక్కడ దిగి కోట కట్టుకున్నది ఈ తీరం గుడ్డ కోసమే. ఈ గుడ్డ పట్టుకెళ్ళి తూర్పు దీవుల్లో ఇచ్చి, అక్కడి మిరియాలు, లవంగాలు, జాజికాయ కొన్నారు. ఆ గుడ్డ నేసినవాళ్ళు పద్మశాలీలు, దేవాంగులు. దూది ఏకినవాళ్ళు దూదేకులవాళ్ళు. పడవలకెత్తిన బేహారుల్లో మరక్కాయర్లున్నారు. 2007లో వచ్చిన బి.సి.-ఇ జాబితాలో 14 ముస్లిం సమూహాలున్నాయి. అందులో మొదటి పేరు అచ్చుకట్టలవాండ్లు. గుడ్డ మీద అచ్చు కొట్టి బతికిన జనం! గుడ్డ వెనక ఇంతమంది చేతులున్నాయి. ఇందులో ఏ చెయ్యి హిందువుదో, ఏ చెయ్యి ముసల్మానుదో పోగు లాగి చూపించగలరా?

ఆ గళ్ళ గుడ్డ ఎంత దూరం పోయిందో చెప్తాను, వినండి. మలయా దేశంలో ఇప్పటికీ లుంగీని 'కాయిన్ పెలికాట్' అంటారు. పెలికాట్ అంటే మన పులికాటే. అక్కడి ముసల్మాను అది కట్టుకునే మసీదుకి పోతాడు. పశ్చిమాఫ్రికాలో, నైజర్ నది సముద్రంలో కలిసేచోట, కలబరి అనే జనం ఉన్నారు. మద్రాసు గళ్ళ గుడ్డని వాళ్ళు 'ఇంజిరి' అంటారు. పుట్టుకకీ చావుకీ వాళ్ళకి ఆ గుడ్డ కావాలి. మన చీరాల మగ్గాల మీద 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని నేసి పంపింది అక్కడికే. 1960లలో అమెరికాలో ఇదే మద్రాసు గుడ్డ చొక్కాలై అమ్ముడుపోయింది. ఉతికితే రంగు కారేది. రంగు కారడమే దీని గొప్ప అని ప్రకటనలిచ్చి మరీ అమ్మారు! 2018లో స్పెయిన్ దేశపు జారా కంపెనీ అచ్చం మన లుంగీలాంటి గళ్ళ పావడా ఒకటి దుకాణాల్లో పెట్టింది. ధర 70 పౌండ్లకు ఒక పెన్నీ తక్కువ. అప్పటి లెక్కన ఆరువేల రూపాయల పైమాటే. ఆ డబ్బుకి అల్లూరు బజార్లో ఎన్ని లుంగీలొస్తాయో మీరే లెక్కేసుకోండి.

అమెరికా కుర్రాడి ఒంటి మీద అది సొగసు. లండన్ అమ్మాయి నడుముకి ఫ్యాషను. 2013లో హిందీ సినిమావాళ్ళు లుంగీ పేరు పెట్టి పాట కట్టి గెంతితే దేశమంతా గెంతింది. మా నడుముకొచ్చేసరికి మాత్రం అది అనుమానం! పాతదాన్ని మురిపెంగా తొడుక్కోవడం డబ్బున్నవాడికి సరదా. దానికి 'వింటేజ్' అని పేరు. మేం పాతది కట్టుకుంటే దరిద్రం. తాత చొక్కా పట్నంలో మనవడు వేసుకుంటే అభిరుచి. మా కుర్రాడు వేసుకుంటే వేరే లేక. గుడ్డ మారలేదు. లోపలి మనిషి మారాడు. మీ చూపు పడేది గుడ్డ మీద కాదు.

ఇది కొత్త సంగతీ కాదు. మా నెల్లూరు సీమలో నీలిమందులో ముంచిన సలంపూరు గుడ్డ నేసేవాళ్ళు. అది ఓడలెక్కి వెస్టిండీస్ దాకా పోయింది. ఎవరికోసం? చెరకు తోటల్లో గొడ్డుచాకిరీ చేసే నల్ల బానిసల కోసం. ఆ నీలం చూసి ఆ మనిషి బానిస అని తెలిసిపోవాలి! తిరువాన్కూరులో 1859 దాకా నాడార్ ఆడవాళ్ళు రవిక కప్పుకోవడానికి కొట్లాడాల్సొచ్చింది. ఒళ్ళు చూసి కులం తెలియాలని పైకులంవాడి పట్టు. అంబేద్కర్ సూటు వేసుకుంది ఊరికే కాదు. 'నీ గుడ్డతో నిన్ను గుర్తుపడతా' అనే వాడి చేతిలో ఆనవాలు లేకుండా చెయ్యడానికి. ఆ సూటు విలువ దళితుడికి తెలుసు. మాకూ తెలుసు.

ఇంకో దొంగతనం ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీకు నచ్చిన మా బట్టలన్నీ మా పేరు తీసేసి తీసుకున్నారు. షేర్వానీ ఎక్కడిది? లక్నో, హైదరాబాదు కొలువుల్లోది. నిజాం వేసుకున్నది. ఇవాళ నెల్లూరులో ఏ కళ్యాణమండపానికైనా పొండి. రిసెప్షనులో కమ్మ పెళ్ళికొడుకూ షేర్వానీయే, రెడ్డి పెళ్ళికొడుకూ షేర్వానీయే, కోమట్ల పెళ్ళికొడుకూ షేర్వానీయే. దానికి 'ఇండో-వెస్ట్రన్' అని పేరు పెట్టి అద్దెకిస్తున్నారు. మధ్యలో మేమేమైపోయాం? షల్వార్ కమీజు మా ఆడపిల్లలు వేసుకున్నన్నాళ్ళూ తురక బట్ట. మీ ఆడపిల్లలు వేసుకోవాల్సొచ్చేసరికి 'పంజాబీ డ్రెస్సు' అయింది. మీ భాషలోంచి మమ్మల్ని ఏరి పారేస్తారా? అయితే జేబు ఇచ్చెయ్యండి, రుమాలు ఇచ్చెయ్యండి, పైజామా, దర్జీ ఇచ్చెయ్యండి. వెంకటగిరి చీర అంచుకున్న జరీ కూడా ఇచ్చెయ్యండి, ఆ మాట ఫారసీది! అప్పుడు జరీ లేని చీర కట్టుకుని, జేబు లేని చొక్కా తొడుక్కుని, మీ స్వచ్ఛమైన సంస్కృతి గురించి సభ పెట్టుకోండి.

నచ్చినవన్నీ పోగా, మాకు మిగిలింది లుంగీ. అందుకే దాని మీద మా పేరు మిగిలింది.

మా చెల్లెలి కొడుకు చదివిన ఒక కాలేజీలో 'సంప్రదాయ దుస్తుల రోజు' జరిపారు. పంచెలు, లంగా వోణీలు, పట్టు చీరలు. మావాడు తాత పెట్టెలోంచి ఆకుపచ్చ గళ్ళ లుంగీ తీసి, ఇస్త్రీ చేయించి, తెల్ల చొక్కా మీద కట్టుకుపోయాడు. "ఇదేం సంప్రదాయంరా, మటన్ కొట్టు కాడినుంచి ఇట్నే వచ్చావా?" అన్నాడు లెక్చరర్. క్లాసంతా నవ్వింది. పిల్లోడు ఇంటికొచ్చేశాడు. ఆ రోజు మొదటి బహుమతి ఎవరికొచ్చిందో తెలుసా? షేర్వానీ వేసుకున్న ఒక హిందూ కుర్రాడికి. ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు, బాగానే ఉండుంటాడు. ఆ బహుమతిచ్చినాయన్ని మాత్రం ఒక మాట అడగాలి. అయ్యా, మీ సంప్రదాయంలో నిజాం కోటుకి చోటుంది కదా, పులికాట్ సాలెవాడి గుడ్డకి ఎందుకు లేదు?

లెక్చరర్‌ని ఒక్కణ్ణి అని ఏం లాభం? 2019 డిసెంబరు 15న జార్ఖండ్ దుమ్కాలో సాక్షాత్తూ ప్రధానమంత్రి నరేంద్ర మోడీ, నిప్పు పెట్టేవాళ్ళెవరో వాళ్ళ బట్టలు చూస్తేనే తెలుస్తుందని సభలో అన్నాడు. పౌరసత్వ చట్టం మీద దేశం లేచిన రోజులవి. సినిమావాడి లుంగీ వేళాకోళం అక్కడిదాకా ఎదిగింది! అంతకు చాలాముందే, 2006లో సచార్ కమిటీ రాసింది: గడ్డం, టోపీ ఉన్న మగవాళ్ళని అనుమానంగా చూస్తున్నారని, బురఖా వేసుకున్న ఆడవాళ్ళకి ఆసుపత్రుల్లో, బడుల్లో, బజార్లలో, బస్సుల్లో మర్యాద దక్కడం లేదని. ఆ నివేదికని బుజ్జగింపు అన్నారు. బస్సులో పక్క సీటులో కూచోవడం బుజ్జగింపా?

కర్ణాటకలో తలగుడ్డ కట్టుకున్న పిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపారు. 2022 మార్చి 15న అక్కడి హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. ఒకరు సరే అన్నారు. అది ఆ పిల్ల ఇష్టం, చదువు ముఖ్యం అన్నారు ఇంకొకరు. రెండు తీర్పుల మధ్య పరీక్షలు పోగొట్టుకున్న పిల్లల సంగతి ఎవరు చెప్పాలి? నెల్లూరులో మొహర్రం నెల రొట్టెల పండగ చూడండి. బారా షహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో దిగిన ఆడవాళ్ళు రొట్టె అందుకునేటప్పుడు కొంగు తలమీదికి లాక్కుంటారు. వాళ్ళలో హిందువులే ఎక్కువ. చెరువులో భక్తి అయిన గుడ్డ క్లాసులో నేరం ఎట్లా అయింది?

ఇక మా ఇంటి గొడవ. ఇది మేమే మాట్లాడుకోవాలి, మీరు మధ్యలో దూరి చప్పట్లు కొట్టొద్దు. ఆర్కాటు నవాబుల నాటి ఖాందాన్ అని చెప్పుకునే ఉర్దూ సాహెబులకి లుంగీ అంటే ఏవగింపు. వాళ్ళ నవాబు సీమ 1801లోనే కుంఫిణీ చేతికి పోయింది, దర్పం మాత్రం పోలేదు. తెలుగు మాట్లాడి లుంగీ కట్టే దూదేకులవాణ్ణి వాళ్ళు సగం ముసల్మానుగా చూస్తారు. గల్ఫు డబ్బుతో పాటు దిగిన తెల్ల జుబ్బాలవాళ్ళు కొందరు లుంగీతో నమాజుకి రావద్దంటున్నారు. బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పమంది దీన్. లుంగీ కప్పడం లేదా? హజ్‌కి పోయిన మగవాడు, కోటీశ్వరుడైనా కూలోడైనా, కుట్టు లేని గుడ్డ నడుముకి చుట్టుకుని కాబా చుట్టూ తిరగాల్సిందే. అల్లా ఇంటి ముందు చెల్లిన కట్టు అల్లూరు మసీదు గడపలో చెల్లదా?

ఆడవాళ్ళ విషయంలోనూ అంతే. మా నానీలు చీరకట్టి, కొంగు తలమీద వేసుకుని పొలం పనికి పోయారు, ఉప్పు మోశారు. వాళ్ళ ఈమాన్‌కి ఏం తక్కువైంది? బురఖా వేసుకోమనేదీ మగవాడే, తియ్యమనేదీ మగవాడే. ఒకడు టోపీ పెట్టుకుని ఫత్వా చదువుతాడు, ఇంకొకడు కాషాయం కండువా ఊపుతాడు. ఆమె వేసుకుంటానంటే గేటు తియ్యండి. వద్దంటే ఇంటి తలుపు తియ్యండి. ఆమె నోరు తెరిచి చెప్పేదాకా ఇద్దరూ నోళ్ళు మూసుకోండి.

చివరగా ఒక మాట. ఈ ఊళ్ళ బట్టలు కుట్టే చేతుల్లో మా చేతులు తక్కువేం కాదు. మీ ఇంటి పెళ్ళికూతురి జాకెట్టు మీద మగ్గం వర్కు చేసినవాడు సాయిబు. నాయకుడి ఖద్దరు లాల్చీకి కాజాలు తీసి కళ్ళు పోగొట్టుకున్నది మా ఆడది. మీ ఊరి కొలతలన్నీ మా టేపుకి తెలుసు. ఎవరి భుజం ఒంకరో, ఎవరి పొట్ట ఎంత పెరిగిందో మాకు తెలుసు. ఎన్నడన్నా బజార్న చెప్పామా? కొలిచాం, కుట్టాం, ఇచ్చాం. మీరు మాత్రం మా గుడ్డ చూసి మా దేశభక్తి కొలుస్తున్నారు.

ఆ టేపు ఇక కింద పెట్టండి. మేం లుంగీ కట్టుకుంటాం, ప్యాంటు వేసుకుంటాం, బుద్ధి పుడితే మీ పట్టు పంచె కూడా కట్టుకుంటాం. అది మా ఇష్టం. మీలో కలవడానికి విప్పం, మిమ్మల్ని భయపెట్టడానికి కట్టం. అల్లూరు ఎండకి, ఉప్పుగాలికి, మా కూలి డబ్బులకి సరిపోయిన గుడ్డ అది. దాన్ని నేసిన సాలెవాడికి మేం బాకీ ఉన్నాం. మీకు కాదు.