క్రాంక్ షాఫ్టుకు ఏ బేరింగు మేలు?

కేసముద్రం స్టేషను మీదుగా పోయే గూడ్సు బండ్లను మన విద్యార్థులు నిత్యం చూస్తూనే ఉంటారు. వాటి చక్రాల ఇరుసులు రోలర్ బేరింగులపై తిరుగుతాయి. సాదా బేరింగుల కాలంలో ఇరుసులు వేడెక్కి బండ్లు నిలిచిపోయే బెడదను ఈ రోలర్లే చాలావరకు తొలగించాయి. అయితే చిరకాలం మన రైళ్లను లాగిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజనులో 2,600 అశ్వశక్తిని మోసిన క్రాంక్ షాఫ్టు మాత్రం సాదా షెల్ బేరింగులలోనే తిరిగింది. ఒకే బండిలో ఈ భేదమెందుకు?

1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగులపై ప్రయోగాలు చేస్తూ, బేరింగుకు పైన ఉన్న రంధ్రానికి బిరడా బిగిస్తే లోపలి నూనె దానిని బయటికి నెట్టివేయడం గమనించాడు. తిరిగే ఇరుసే నూనెను సందులోనికి ఈడ్చుకొని ఒత్తిడిగల పొరను సృష్టిస్తుందని 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గణితంతో వివరించాడు. ఆ పొర నిలిచినంతసేపు లోహం లోహాన్ని తాకదు. సిలిండరులోని దెబ్బను నూనెయే మెత్తగా భరిస్తుంది.

రోలరుకు కొద్దిపాటి నూనె చాలును. కనుకనే పెట్రోలులో కలిపిన నూనెతో నడిచే, మైసూరులో తయారైన ఎజ్డీ మోటారు సైకిలు బిగ్ ఎండులో రోలర్లు పెట్టారు. కాని వాటికోసం క్రాంకును ముక్కలుగా చేసి, ప్రెస్సుతో కూర్చి, వంకర లేకుండా సరిచేయాలి. 1954 నాటి మెర్సిడెస్ పందెపు కారు అట్టి వ్యయాన్ని భరించగలిగింది. రైతు ట్రాక్టరు భరించలేదు.

కాబట్టి రోలరు ఉన్నదే మేలైన ఇంజననే మాట నేను అంగీకరించను. నూనె ఎట్లా అందుతుంది, మరమ్మతు ఎక్కడ జరుగుతుంది అనే రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పిన పిదపనే బేరింగును ఎన్నుకోవాలి. షెల్ బేరింగు ప్రాణమంతా నూనెలోనే ఉన్నది. నూనె ఒత్తిడి తగ్గిందని దీపం హెచ్చరించినా దున్నకం సాగిస్తే ఆ పొర తెగి క్రాంకు గీతలు పడుతుంది. నాట్ల అదనులో ట్రాక్టరు మూలపడితే నష్టం ఇంజనుతో ఆగదు. పంట దాకా పోతుంది.

ఈ జ్ఞానం మన ఉస్తాదుల చేతులలో అలవాటుగా ఉన్నది. దాని కారణం మాత్రం ఆంగ్ల గ్రంథాలలో ఉండిపోయింది. ఉస్తాదు చేతి నేర్పును, రేనాల్డ్స్ సూత్రాన్ని తెలుగులోను, ఉర్దూలోను ఒక్కచోట చెప్పగల యువకులు కావాలి. షెడ్డులో పానా పట్టిన పిల్లవానికి "ఎందుకు" అన్నది తన భాషలో తెలిసిననాడు అతడు ఆ పనిలో పండితుడౌతాడు. విద్యార్థి మిత్రులారా, ఆ బాధ్యత మీది.