సమాధిని పెకలించిన చరిత్ర పెకలునా?

చెన్నపురి హైకోర్టు ప్రక్కన, పూర్వపు న్యాయ కళాశాల ఆవరణమున ఒక పాత సమాధి కలదు. ఇంగ్లీషువారి తొలి శ్మశానవాటికకు మిగిలిన గుఱుతు అది. 1680లో మరణించిన జోసెఫ్ హిన్మరు అను కంపెనీ ఉద్యోగియు, అతని వితంతువును వివాహమాడిన ఎలిహు యేలు దొరగారి పసికుమారుడు డేవిడును అందు ఖననము చేయబడిరి. 1921 నుండియు నిది రక్షిత కట్టడము.

2023లో మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము దీనిని వేఱొకచోటికి తరలింపుమని పురావస్తు శాఖ నాదేశించినది. న్యాయస్థానమునకు వచ్చువారి మోటారు బండ్లను నిలుపుటకు అంతస్తుల కట్టడము కావలయునట! రక్షిత కట్టడమునకు నూఱు మీటరుల లోపల క్రొత్త నిర్మాణము కూడదని చట్టము. పరాయివాని గోరీకి మనమేల కావలి కాయవలయునను వాదము దీనికి తోడైనది. వ్యాజ్యమెట్లు ముగిసినను, ఈ వాదమును దేశాభిమానులు విమర్శింపక తప్పదు.

యేలు దొరను మేము పొగడబోము. 1687లో ఇతడు కోటకు అధ్యక్షుడయ్యెను. గోలకొండ కూలినదియు, ఈ తీరమును కఱవు పీడించినదియు ఆ దినములలోనే. ఐరోపాకు పోవు ప్రతి యోడలోను పదిమందికి తక్కువ గాకుండ బానిసలను పంపవలయునని ఆ యేటనే కోట కౌన్సిలు తీర్మానించెను. ఆ సభలో యేలు కలడు. అవినీతి యారోపణములపై 1692లో పదవి పోయినను, సంపద పోలేదు. అందుండి కొంత దానమందినందుకే 1718లో అమెరికాలోని కళాశాల యొకటి ఇతని పేరు దాల్చెను.

ఇట్టివాని గుఱుతు మనకేల యందురా? ఇట్టివాడగుటచేతనే కావలయును. దొంగ విడిచిపోయిన యానవాలును ఇంటివాడే తుడిచివేయునా? సాక్షిని చోటు తప్పించిన లాభము దోషికే కాని మనకు గాదు.

మఱియొక సంగతి. 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినపుడు ఈ వాటికలోని గోరీలే అతని సైనికులకు చాటయ్యెను. పిమ్మట ఇంగ్లీషువారు తమ పూర్వుల గోరీలను తామే నేలమట్టము గావించి, ఫలకములను కోటలోని సెంట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. ఆనాడు ఫిరంగులకై వారు చేసిన పనిని నేడు మోటారులకై స్వతంత్రులమైన మనము పూర్తి చేయుదుమా?

చట్టము కట్టినవాని జాతి నడుగదు. నేడు పరాయిదని ఈ గోరీని కదల్చినచో, రేపు బందరు డచ్చివారి సమాధులకు దిక్కెవ్వరు? ఎల్లుండి దారికడ్డమని మన కోటగోడలకు, మన మండపములకు దిక్కెవ్వరు? ఒకసారి గండిపడిన గట్టు ఏ నీటి నాపగలదు?

బండ్లకు స్థలము వేఱొకచోట వెదకుడు. గోరీని ఉన్నచోటనే యుంచుడు. కాని మూగగా నుంచవలదు. ఆ యోడలనుగూర్చియు, ఆ పదిమంది బానిసల తీర్మానమునుగూర్చియు తమిళమునను, తెలుగునను, ఇంగ్లీషునను పలకపై చెక్కించి దాని ముందు నిలుపుడు. దానినిగూర్చి యేమి యనుకొనవలయునో చదివినవారే తేల్చుకొందురు.